వంశపారంపర్య నరాల జబ్బు ఉన్నప్పుడు మద్యం, మాత్రలు, మనసు: ఎలా చూసుకోవాలి

మన పల్లెల్లో కాలు ఎత్తెత్తి వేస్తూ, కాస్త తూలుతూ నడిచే మగమనిషి కనబడితే జనం నోట ముందు వచ్చే మాట "పొద్దున్నే ఏసేసినాడు" అని. షార్కో-మారీ-టూత్ అనే వంశపారంపర్య నరాల జబ్బు, పొట్టిగా సీఎంటీ, ఉన్నవాళ్లు చుక్క ముట్టకపోయినా ఈ మాట పడతారు. పడీ పడీ విసిగిపోయి, ఎలాగూ అంటున్నారు కదా అని నిజంగానే తాగడం మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. మా ఇంట్లో ఈ జబ్బు తాతల నాటి నుంచీ ఉంది. నేను చూసినంతలో జబ్బుకు తోడై మనిషిని ఎక్కువ కుంగదీసేది దాపరికం. డాక్టరు దగ్గర తాగుడు దాస్తారు, మందుల షాపులో జబ్బు దాస్తారు, ఇంట్లో దిగులు దాస్తారు. ఆ మూడూ ఎలా బయటపెట్టాలో, బయటపెట్టాక ఏం చేయాలో వరసగా చెబుతాను.

ముందు జబ్బు పేరు ఖాయం చేసుకోండి

పాదాలు మొద్దుబారిన మనిషి తాగుతాడని తెలిస్తే చాలు, "తాగుడు వల్లే నరాలు పోయాయి" అని చాలాచోట్ల అక్కడితో తేల్చేస్తారు. అది నిజమూ కావచ్చు. ఏళ్ల తరబడి ఎక్కువగా తాగితే ఆల్కహాలే నరాలను చెడగొడుతుంది, థయామిన్ అనే బి1 విటమిన్ లోటు దానికి తోడవుతుంది. కానీ చిన్నప్పటి నుంచి పాదం వంపు ఎక్కువగా ఉందా? కాలి వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయా? బడిలో పరుగు పందెంలో ఎప్పుడూ వెనకే ఉండేవారా? నాన్నకో మేనత్తకో అదే నడక ఉందా? ఉంటే తాగుడుతో లెక్క సరిపెట్టవద్దు.

1886లో ఫ్రాన్స్‌లో షార్కో, మారీ, ఇంగ్లండ్‌లో టూత్ అనే డాక్టర్లు ఈ జబ్బును వివరంగా రాశారు. సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. అన్నిటికంటే ఎక్కువగా కనబడే 1ఏ రకంలో 17వ క్రోమోజోమ్ మీద ఉండే పీఎంపీ22 అనే జన్యువు ఒకటి అదనంగా ఉంటుంది. దాంతో నరం మీది పొర, అంటే కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగులాంటిది, సరిగా ఏర్పడదు. పొడవాటి నరాలు ముందు దెబ్బతింటాయి కాబట్టి పాదాలతో మొదలై తర్వాత చేతులకు వస్తుంది. దీన్ని ఆపే మాత్ర ఇప్పటికి లేదు. విటమిన్ సి ఎక్కువ మోతాదులో ఇచ్చి చూసిన పరీక్షలు కూడా ఫలితం ఇవ్వలేదు. అందుకే మిగిలిన నరాన్ని కాపాడుకోవడమే మన చేతిలో ఉన్న వైద్యం.

నరాల్లో సంకేతం ఎంత వేగంగా వెళుతోందో చూసే పరీక్ష (నర్వ్ కండక్షన్ అంటారు) చేయించుకోండి. విశాఖ కేజీహెచ్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. దాంతోపాటు షుగర్, బి12, థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూడమనండి. సీఎంటీ ఉన్నవాళ్లకు బి12 లోటు కూడా ఉండొచ్చు, లోటును సరిచేస్తే ఆ మేరకు నరానికి మేలే. ఒంటి మీద స్పర్శ లేని మచ్చలు ఉంటే కుష్ఠు పరీక్ష తప్పనిసరి. కుష్ఠులో నరాలు లావెక్కుతాయి, సీఎంటీలో కొన్ని రకాల్లోనూ లావెక్కుతాయి. చేత్తో తడిమి చూసి ఇదే అని అనేయడం కుదరదు.

ఒక కాగితం రాసి ఫోన్ కవరులో పెట్టుకోండి

జబ్బు పేరు, రకం తెలిస్తే రకం. ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలు, మోతాదులతో సహా. చివరిసారి వచ్చిన క్రియాటినిన్. వారానికి ఎంత తాగుతారో ఉన్నది ఉన్నట్టు. అంతే, అరపేజీ చాలు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పంటి డాక్టరైనా సరే, ముందు ఆ కాగితం చూపించండి. మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

మందుల షాపులో నోరు విప్పండి

విరేచనాలు పట్టుకుంటే మనం ఏం చేస్తాం? షాపుకు వెళ్లి "రెండు మాత్రలియ్యి బాబూ" అంటాం. చాలాసార్లు చేతిలో పడేది ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర. ఓఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ ఒక కుటుంబం మందులు. ఇవి నరాలకు శాశ్వతమైన దెబ్బ తగిలించే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ సంస్థ 2013లో హెచ్చరిక పెంచింది. మెట్రోనిడజోల్ రకం మందులు కొద్ది రోజులు వాడితే భయం తక్కువ, ఎక్కువ రోజులు ఎక్కువ మోతాదులో వాడితే నరాలకు చేటు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇవి వాడక తప్పకపోవచ్చు. మామూలు నీళ్ల విరేచనాలకు మాత్రం ముందు ఓఆర్ఎస్ తాగండి, జ్వరమో రక్తమో ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మిగతావాటిలో గుర్తుంచుకోవలసినవి చెబుతాను. విన్‌క్రిస్టీన్ అనే క్యాన్సర్ ఇంజెక్షన్ అన్నిటికంటే ప్రమాదం. సీఎంటీ ఉన్నట్టు తెలియక ఇస్తే కొద్ది డోసులకే కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్ల గురించి వైద్య పత్రికల్లో వచ్చింది. పిల్లలకు రక్త క్యాన్సర్ వస్తే వాడే మందు ఇది, కాబట్టి ఇంట్లో ఎవరికి సీఎంటీ ఉన్నా ఆ డాక్టరుకు చెప్పాలి. సిస్‌ప్లాటిన్, పాక్లిటాక్సెల్ కూడా నరాలను దెబ్బతీసేవే. గుండె లయకు ఇచ్చే అమియోడరోన్, ఫిట్స్‌కు ఏళ్ల తరబడి వాడే ఫెనిటాయిన్, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు ఇచ్చే నైట్రోఫ్యూరాంటోయిన్, గౌట్‌కు ఇచ్చే కోల్చిసిన్, కుష్ఠుకు ఇచ్చే డాప్సోన్, టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్ గురించి కూడా అడిగి తెలుసుకోవాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పేరు జాబితాలో ఉందని ఏ మాత్రనూ మీకు మీరు మానేయకండి. టీబీ మాత్రలు మానితే టీబీ చంపుతుంది. ఐసోనియాజిడ్‌తో పాటు తక్కువ మోతాదు బి6 ఇచ్చి నరాన్ని కాపాడతారు, అది మీకు ఇస్తున్నారో లేదో అడగండి. గుండె, ఫిట్స్, క్యాన్సర్ మందులదీ అదే దారి. "నాకు సీఎంటీ ఉంది, ఇది కాక వేరేది ఉందా?" అని అడగడం మీ పని, తూచి చెప్పడం డాక్టరు పని.

బి6 సంగతి వచ్చింది కాబట్టి, మన దగ్గర "బలం ఇంజెక్షన్", "నరాల మాత్ర" అని ఇచ్చేవాటి అట్ట మీద పైరిడాక్సిన్ అన్న పేరు వెతకండి. అదే బి6. కొంచెమైతే నరానికి అవసరం, ఎక్కువ మోతాదు నెలల తరబడి వేసుకుంటే అదే నరాన్ని తింటుంది. అమెరికాలో పెద్దలకు రోజుకు 100 మిల్లీగ్రాములు హద్దు అంటారు, యూరప్ 2023లో ఆ హద్దును 12కు తగ్గించింది. నరం బలం కోసం వేసుకుంటున్న మాత్రే నరాన్ని చెడగొట్టడం ఎంత అన్యాయమో చూడండి. పేరు లేని భస్మాలు, పొట్లాల మందులు అసలే వద్దు, కొన్నిటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ ఉంటాయి.

నొప్పి మాత్ర వేసుకునే రోజు మద్యం వద్దు

నరాల నొప్పికి సాధారణంగా ప్రీగాబలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్ రాస్తారు. మంచి మాత్రలే. కానీ మొదటి రెండింటి మీద మద్యం పడితే మత్తు రెట్టింపై ఊపిరి మందగిస్తుంది. నిద్రలోనే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ట్రమడాల్, నిద్ర మాత్రల సంగతీ ఇంతే. అమిట్రిప్టిలిన్ వేసుకున్న మనిషి తాగి లేస్తే కళ్లు తిరిగి పడతాడు. డులాక్సెటిన్, పారాసెటమాల్ తాగుడుతో కలిస్తే కాలేయానికి బరువు, డైక్లోఫెనాక్ కలిస్తే కడుపులో రక్తస్రావం.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపువాళ్లు, కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాలవాళ్లు, దీన్ని రెండుసార్లు చదవండి. ప్రీగాబలిన్, గాబాపెంటిన్ ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీ ద్వారానే. కిడ్నీ బలహీనంగా ఉంటే మామూలు మోతాదే ఎక్కువ మోతాదైపోతుంది. కాళ్ల నొప్పులకని షాపులో కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి, పైగా నరాల నొప్పికి అవి పెద్దగా పనిచేయవు. క్రియాటినిన్ చూపించకుండా నొప్పి మాత్ర మొదలుపెట్టవద్దు.

ఈ మాత్రలు ఒక్కసారిగా మానేయడం కూడా మంచిది కాదు. సంబరానికి తాగాలని ఆ రెండు రోజులు మాత్ర ఆపేవాళ్లున్నారు. నొప్పి తిరగబడుతుంది, నిద్ర పోతుంది, ఆ నిద్ర కోసం మళ్లీ తాగుతారు.

ఎంత తాగుతున్నారో కొలవండి

"ఎప్పుడైనా కొంచెం" అనే జవాబు డాక్టరుకు పనికిరాదు. లెక్క ఇలా వేయండి: 30 మిల్లీలీటర్ల బ్రాందీ లేదా విస్కీలో సుమారు 10 గ్రాముల శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది. క్వార్టర్ సీసా 180 మిల్లీలీటర్లు, అంటే 60 గ్రాములు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో 40 గ్రాముల దాకా. తాటికల్లు, జీలుగ కల్లుకు ఇలా లెక్క కట్టలేం, పులిసేకొద్దీ ఘాటు పెరుగుతుంది. నాటుసారా మాటే వద్దు. అందులో మిథనాల్ కలిస్తే దెబ్బ తినేది కంటి నరం.

ఎప్పుడో ఒకసారి ఒక పెగ్గు వేస్తే సీఎంటీ ముదురుతుందా అంటే, ముదురుతుందని తేల్చిన ఆధారం లేదు. భయపెట్టడానికి అబద్ధం చెప్పను. కానీ మద్యం ఎంతైనా ఆరోగ్యానికి క్షేమం అనదగ్గ హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. దానికి తోడు మన కష్టం వేరే ఉంది. పాదం నేల ఎక్కడుందో సరిగా చెప్పదు, కాబట్టి మనం కళ్లతో చూసుకుని, చిన్నమెదడు సాయంతో నిలబడతాం. మద్యం ముందు దెబ్బకొట్టేది ఆ చిన్నమెదడునే. పక్కవాడు రెండు పెగ్గులకు తూలితే మనం ఒక్కదానికే పడతాం. చీకట్లో పొలం గట్టు మీద, తడి బాత్రూములో పడితే చీలమండ విరుగుతుంది. ఆరు వారాలు మంచాన ఉంటే కరిగిన కండ తిరిగి రావడం మనకు చాలా కష్టం.

కనుమకో, అమ్మవారి సంబరానికో, సిరిమాను పండక్కో చుట్టాలు వస్తారు. "ఒక్క పెగ్గుకేటవుతాది బావా" అని గ్లాసు చేతిలో పెడతారు. జబ్బు గురించి అక్కడ ఉపన్యాసం అక్కర్లేదు. "నరాల మాత్రేసుకున్నాను బావా, రెండూ కలిస్తే ఊపిరాడదని డాక్టర్ చెప్పాడు" అనండి. ఇది నిజం, మర్యాదకు లోటు లేదు, రెండోసారి అడగరు. చేతిలో సోడానో మజ్జిగో ఉంచుకోండి. చీకటి పడకముందే భోజనం చేసి బయల్దేరండి.

మానాలనుకుంటే

రోజూ తాగేవాళ్లు, ముఖ్యంగా పొద్దున లేవగానే చేతులు వణికి, చుక్క పడితే గానీ ఆగనివాళ్లు, ఒట్టు వేసి ఒక్కరోజులో ఆపేయవద్దు. ఆపిన రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పి లేనివి కనిపించవచ్చు. ఇవి ప్రాణాంతకం. శ్రీకాకుళం రిమ్స్ లాంటి జిల్లా పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుణ్ని కలవండి. కొద్ది రోజులు మాత్రలతో, థయామిన్‌తో జాగ్రత్తగా దించుతారు. వ్యసనం నుంచి బయటపడటానికి జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14446. ఇప్పటికే వణుకు, చెమటలు, తికమక మొదలైతే 108కి ఫోన్ చేయండి.

తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరాం అనే మాత్ర ఇస్తారు. ఇది నరాలను దెబ్బతీసే మందు. సీఎంటీ ఉందని చెప్పకపోతే మంచి డాక్టరైనా ఇదే రాయవచ్చు. చెబితే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి ఆలోచిస్తారు. అకాంప్రోసేట్‌కు మళ్లీ కిడ్నీ పరీక్ష చూడాలి, అందుకే ఆ కాగితం.

ఇంట్లో ఆడవాళ్లకు ఒక విన్నపం. "ఆయనకు తెలియకుండా అన్నంలో కలిపేయండమ్మా, మానేస్తాడు" అని పొడి అమ్మేవాళ్లను నమ్మకండి. అందులో డైసల్ఫిరాం ఉండవచ్చు. తెలియక దాని మీద తాగితే బీపీ పడిపోయి మనిషే పోవచ్చు. బతికినా నరాలు ఇంకా పోతాయి. మీ కడుపుమంట నాకు తెలుసు, అయినా ఆ పని వద్దు.

మనసు సంగతి

ఈ జబ్బులో మనిషి ఒక్కసారే నష్టపోడు. ఒక ఏడు సైకిల్ పోతుంది, ఇంకో ఏడు చొక్కా గుండీలు పెట్టుకోవడం పోతుంది, తర్వాత జీడితోటలో కూలికి రానివ్వరు. ప్రతిసారీ కొత్తగా దుఃఖం వస్తుంది. "చిన్నప్పటి నుంచీ ఉన్నదే కదా, ఇప్పుడు ఏడుపెందుకు" అనేవాళ్లకు ఇది అర్థం కాదు. ఏడుపు వస్తే ఏడవండి. అది బలహీనత కాదు.

దుఃఖం వేరు, డిప్రెషన్ వేరు. రెండు వారాలు దాటి దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, ఏ పని మీదా ఇష్టం లేకపోవడం, నిద్రా తిండీ తప్పడం, తాను ఇంటికి భారమనే ఆలోచన పోకపోవడం కనబడితే దానికి వైద్యం ఉంది. అలసట సీఎంటీలోనూ ఉంటుంది, డిప్రెషన్‌లోనూ ఉంటుంది. రెండింటినీ విడదీసి చూడమని డాక్టరును అడగండి. ఇంకో ముఖ్యమైన సంగతి, తాగుడే డిప్రెషన్‌ను పెంచుతుంది. నిద్ర పట్టిస్తుంది అనుకుంటారు, పట్టిన నిద్రను నడిరేయి చెడగొడుతుంది కూడా. డులాక్సెటిన్ నొప్పికీ దిగులుకూ రెండింటికీ పనికివచ్చే మాత్ర, కాలేయం, కిడ్నీ చూసుకుని మీకు సరిపడుతుందేమో అడగవచ్చు. దిగులు మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారంలో తేడా లేదని పారేయకండి.

మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్, నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పుకోవడం ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు. ఊళ్లో చూస్తారని ఆసుపత్రికి వెళ్లడానికి సిగ్గుపడేవాళ్లకు ఇది మంచి మొదలు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే ఆ మాట ఇంట్లో ఒక్కరికైనా ఇవాళే చెప్పండి. విన్నవాళ్లు "పిచ్చి మాటలు మాట్లాడకు" అని కసరకండి. పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు, మాత్రల అట్టలు ఆ ఇంట్లోంచి తీసేయండి, 14416కి మీరే ఫోన్ చేయండి.

తూలితే తాగాడనే నింద గురించి. పదిమందికీ సంజాయిషీ ఇవ్వలేం. మీతో రోజూ పని ఉన్నవాళ్లకు, పాలకేంద్రం దగ్గర, ఆటోస్టాండులో, పిల్లల బడిలో, ఒక్కసారి సూటిగా చెప్పండి: "నాకు పుట్టుకతో నరాల జబ్బు, కాలు పట్టు లేదు." పాదం వేలాడకుండా పట్టే కాలిపట్టీ (ఏఎఫ్‌ఓ అంటారు) వేసుకుంటే నడక బాగుపడుతుంది, చూసేవాళ్లకూ ఇది జబ్బని తెలుస్తుంది. చేతికర్రకు సిగ్గుపడకండి.

చేతిలో డబ్బు లేకపోవడం కూడా దిగులే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో దీర్ఘకాలిక నరాల జబ్బులు ఉన్నాయి. సచివాలయంలో అడిగి సదరం (వైకల్యం సర్టిఫికెట్ కోసం చేసే పరీక్ష) స్లాట్ తీసుకోండి, నరాల పరీక్ష కాగితాలు వెంట తీసుకెళ్లండి. 40 శాతం వైకల్యం ఉన్నట్టు రాస్తే పింఛనుకు దరఖాస్తు పెట్టవచ్చు. 2024లో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది.

ఇంట్లో నిందలు, పెళ్లిళ్లు, పిల్లలు

"మీ పుట్టింటి నుంచి తెచ్చావు" అనే మాట ఎన్ని కాపురాల్లో విషం పోసిందో. జన్యువును ఎవరూ ఎంచుకుని ఇవ్వలేదు. చాలా రకాల్లో తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు వచ్చే అవకాశం సగం, ఆడపిల్లైనా మగపిల్లాడైనా. కొన్ని రకాలు మాత్రం అమ్మానాన్నలిద్దరిలోనూ దాగి ఉండి బిడ్డలో బయటపడతాయి, మేనరికంలో ఇవి ఎక్కువ. రకం తెలిస్తే గానీ ఏది మీదో చెప్పలేరు. పెళ్లి మాటలప్పుడే అవతలివాళ్లకు చెప్పండి. దాచి చేసిన పెళ్లిలో ప్రతిరోజూ టెన్షనే, ఆ టెన్షన్ సీసా దగ్గరికి లాక్కుపోతుంది.

ఏ లక్షణమూ లేని చిన్నపిల్లలకు తొందరపడి జన్యు పరీక్ష చేయించకండి. పెద్దయ్యాక వాళ్లే నిర్ణయించుకుంటారు. పాదం వంపు తిరగడం, తరచూ కాలు మడత పడటం కనిపిస్తే మాత్రం వెంటనే చూపించండి. పరీక్ష జరిగినా జరగకపోయినా, వాళ్ల ఆసుపత్రి పుస్తకం మొదటి పేజీలో "కుటుంబంలో సీఎంటీ ఉంది, విన్‌క్రిస్టీన్ ఇచ్చే ముందు న్యూరాలజిస్టును అడగాలి" అని మీ చేత్తో రాసి ఉంచండి.